రోబో కొంటున్నారు సరే, మనిషికి ఏ పని మిగలాలి?

రెండో_షిఫ్ట్
చర్లపల్లిలో ఒక మెషినింగ్ యూనిట్‌లో ప్రొడక్షన్ చూస్తాను. పంపుల, వాల్వుల కాస్టింగ్ బాడీలు టర్నింగ్ చేస్తాం. ఒక్కో పీసు 8 కిలోలు. నాలుగు సీఎన్‌సీ లేత్‌లు (ప్రోగ్రామ్ ప్రకారం పీసుని తిప్పుతూ చెక్కే మెషిన్లు) ఒకే వరుసలో ఉన్నాయి, రెండింటికి ఒక ఆపరేటర్. ఇప్పుడు ఆ వరుసకి రోబో పెట్టాలని ఓనర్ గారు నిర్ణయించారు. నాకు అభ్యంతరం లేదు. ఇబ్బందంతా వెండర్ ఇచ్చిన ప్లాన్‌తోనే.

ప్లాన్‌లో రెండు కాలమ్‌లు. రోబో చేసేవి: లోడింగ్, అన్‌లోడింగ్, ఎయిర్ కొట్టడం, గేజింగ్ (పీసు కొలత చూడటం), కొలతను బట్టి ఆఫ్‌సెట్ (టూల్ ఎంతవరకు కోయాలో చెప్పే సెట్టింగ్) దిద్దడం. మనిషి చేసేవి: బర్ (కోసిన అంచున మిగిలే పదునైన లోహపు పొర) తీయడం, చిప్స్ (చెక్కగా రాలిన లోహపు ముక్కలు) ట్రాలీ ఖాళీ చేయడం, "పర్యవేక్షణ", అలారం వస్తే అటెండ్ అవడం. అంటే రోబోకి చేతకానివన్నీ ఏరి మనిషి నెత్తిన పెట్టారు. మా సీనియర్ ఆపరేటర్ ఆ కాగితం చదివి, "కొలత చూడను, ఆఫ్‌సెట్ ముట్టుకోను, ఇక నేనేం ఆపరేటర్‌ని సార్? కాపలాకైతే ఇంకెవరినైనా పెట్టుకోండి" అన్నాడు. ఆయన ఊరికే మాట తూలే మనిషి కాదు. అప్పటి నుంచి నాకు అదే టెన్షన్.

ఏ పని ఎవరికివ్వాలో మీ దగ్గర ఎలా తేల్చుకున్నారు? రోబో దండగ అని మాత్రం రాయకండి, ఆర్డర్ ఇవ్వడం ఖాయమైపోయింది.

బాలానగర్_షెడ్డు
మీ ఓనర్ తరఫున ఒక మాట చెప్తాను, నాదీ చిన్న యూనిటే. మనుషులు దొరకడం లేదు. బిహార్, ఒడిశా పిల్లలు పండక్కి ఊరెళ్తే ఎప్పుడు తిరిగొస్తారో వాళ్లకే తెలియదు. ఇక్కడి పిల్లలు ఐటీఐ పాసై డెలివరీ బండి ఎక్కుతున్నారు. దొరికినవాడు నైట్ షిఫ్ట్ అంటే రానంటాడు. జీతం మిగులుతుందని కాదు, రాత్రిపూట మెషిన్ ఆగకుండా ఉంటుందని రోబో కొంటాం. అలాంటప్పుడు అది చేయగలిగిందంతా దానికే ఇవ్వాలి. సగం సగం ఇస్తే మళ్లీ ఆ సగానికి మనిషిని వెతుక్కోవాలి.

జా_ప్లేట్
నేను ఆపరేటర్‌నే, కుషాయిగూడ వైపు చేస్తాను. షెడ్డు సార్ చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంటా.

8 కిలోల పీసు. షిఫ్ట్‌కి 150 పీసులు వేసుకున్నా ఎక్కించేది 1,200 కిలోలు, దించేది 1,200 కిలోలు. రోజూ రెండున్నర టన్నుల దాకా ఒంటి మీదుగా పోతుంది. పైగా చక్ (పీసుని పట్టి తిప్పే భాగం) దగ్గర వంగి, చేతులు చాచి పట్టుకోవాలి. నాకంటే పెద్దవాళ్లలో నడుము పట్టీ లేకుండా డ్యూటీకి వచ్చేవాళ్లు తక్కువ. ఆ పని రోబోకి ఇచ్చేయండి, మా ఇంట్లోవాళ్లు కూడా సంతోషిస్తారు.

కానీ లోడింగ్ అని మీరు రాసే ఒక్క మాటలో ఇంకో పని ఉంది, కాగితం మీదికి రాదు. పీసు పెట్టేముందు జా (చక్‌లో పీసుని బిగించే దవడ) ముఖాన్ని బొటనవేలితో తుడుస్తాం. అక్కడ గోరంత చిప్ ఇరుక్కున్నా పీసు సరిగ్గా కూర్చోదు. బయటికి బాగానే కనిపిస్తుంది, ఫేస్ (చెక్కిన చదును ముఖం) మాత్రం కొలత తప్పుతుంది. పాత పీసు తీస్తూనే లోపలి బోర్‌లోకి (రంధ్రంలోకి) ఒకసారి చూస్తాం, గీతలు పడ్డాయా లేదా అని. చిప్ ముక్కలుగా రాలేది కాస్తా పొడుగ్గా పాకుతూ వస్తే ఇన్సర్ట్ (టూల్ చివర ఉండే కోసే ముక్క) అరిగిందని తెలుస్తుంది. చప్పుడులో కూడా తేడా వస్తుంది. ఇవన్నీ పీసు మోస్తూ చేసేవే. మోత తీసేస్తే ఇవి కూడా పోతాయి. వీటిని ఎవరు చేస్తారో ఆ ప్లాన్‌లో రాయలేదు.

సెల్_ఇంటిగ్రేటర్
కూకట్‌పల్లి నుంచి ఇలాంటి సెల్స్ (రోబో, మెషిన్లు కలిపిన ఏర్పాట్లు) కట్టి ఇస్తాం. జా_ప్లేట్ అన్న చెప్పింది నిజం, దానికి దారి కూడా ఉంది. పీసు ఆనుకునే చోట సన్నని రంధ్రం చేసి గాలి వదులుతాం. పీసు సరిగ్గా కూర్చుంటే రంధ్రం మూసుకుని ప్రెషర్ పెరుగుతుంది. కింద చిప్ ఉంటే గాలి లీకై ప్రెషర్ రాదు, స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) తిరగదు. మొత్తం సెల్ ధరలో దీని ఖర్చు చిన్నది. కొటేషన్ తగ్గించాలని దీన్నే మొదట కొట్టేస్తారు, అక్కడే దెబ్బ తింటారు.

గేజింగ్ విషయంలో మాత్రం నేను వెండర్ పక్షమే. తెల్లవారుజామున నాలుగింటికి మైక్రోమీటర్ పట్టుకున్న చెయ్యి, ఉదయం పది గంటలకు పట్టుకున్న చెయ్యి ఒకటి కావు. ప్రతి పీసునీ ఒకే ఒత్తిడితో కొలవడం మెషిన్ పనే.

జా_ప్లేట్
@సెల్_ఇంటిగ్రేటర్ గాలి సెన్సర్ సంగతి నాకు తెలియదు, బాగుంది. కొలవడం కూడా మెషిన్‌కి ఇచ్చేయండి సార్, ఆ కొలత మాకు కనిపించాలి. లోపలే కొలిచి లోపలే దిద్దుకుంటే సైజు ఎటు జరుగుతోందో మాకెలా తెలుస్తుంది?

ఐఈ_మేడమ్
ఇంజనీరింగ్ కాలేజీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చెప్తాను. జా_ప్లేట్ గారి ప్రశ్న చాలా లోతైనది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వెండర్ ఇచ్చిన రెండు కాలమ్‌ల పద్ధతి కొత్తది కాదు. 1951లో అమెరికాలో పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్ట్ విమానాల రాకపోకల నియంత్రణ మీద రిపోర్ట్ తయారుచేస్తూ, మనిషి ఎందులో మెరుగు, యంత్రం ఎందులో మెరుగు అని జాబితా వేశాడు. బలం, వేగం, ఒకే పనిని మార్పు లేకుండా చేయడం యంత్రానికి. అనుకోనిది ఎదురైతే సర్దుకోవడం, అరకొర సమాచారంతోనే ఒక నిర్ణయానికి రావడం మనిషికి. జాబితా ఇప్పటికీ చాలావరకు నిలుస్తుంది. ఆ జాబితా పట్టుకుని పనిని ముక్కలు చేసి పంచేస్తేనే చిక్కు. ముక్కలకి మధ్య ఉన్న లంకె తెగిపోతుంది. పీసు మోస్తూ బోర్‌లోకి చూడటం అలాంటి లంకే.

1983లో లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ ఆటోమేషన్ మీద ఒక వ్యాసం రాసింది. అంతా బాగున్నంతసేపూ యంత్రమే నడుపుతుంది, చెయ్యి దాటాక మనిషిని పిలుస్తారు. అది మామూలుకంటే ఎక్కువ నైపుణ్యం కావాల్సిన సమయం. కానీ రోజూ ఆ పని చేయకపోవడంతో అప్పటికి అతని చెయ్యి అలవాటు తప్పి ఉంటుంది, మెషిన్ ఏ స్థితిలో ఉందో కూడా తెలియదు. మీ ప్లాన్‌లో "అలారం వస్తే అటెండ్ అవడం" అన్న వాక్యం సరిగ్గా ఇదే. ఊరికే చూస్తూ కూర్చోవడం మనిషికి చేతకాదని కూడా తేలిపోయిన సంగతి. రాడార్ ఆపరేటర్ల సమస్య మీద నార్మన్ మ్యాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగాల్లో, గడియారం ముల్లు ఎప్పుడో ఒకసారి రెండింతలు దూకుతుంటే పట్టుకోమన్నారు. మొదటి అరగంట గడిచేసరికే పట్టుకోలేకపోవడం పెరిగింది. అది బద్ధకం కాదు, మనిషి దృష్టి అంతసేపు నిలవదు.

బాలానగర్_షెడ్డు
మేడమ్, చదవడానికి బాగుంది. కానీ నా దగ్గర రాత్రి ఒంటిగంటకు అలారం వస్తే పిలవడానికైనా ఒక మనిషి ఉండాలిగా. లేడనే కదా మొదలుపెట్టాను.

వయల్_ట్రే
పాశమైలారంలో ఇంజెక్షన్ల ప్లాంట్, విజువల్ ఇన్‌స్పెక్షన్ విభాగం. మాది ఇనుము కాదు, గాజు. ప్రశ్న మాత్రం ఇదే, కాబట్టి రాస్తున్నా.

మెషిన్ లేకుండా మనిషే చూసేటప్పుడు ఒక్కో వయల్‌ని (ఇంజెక్షన్ సీసాని) తెల్ల బోర్డు ముందు 5 సెకన్లు, నల్ల బోర్డు ముందు 5 సెకన్లు పట్టుకుని చూడాలి. వెలుతురు 2,000 నుంచి 3,750 లక్స్ ఉండాలి. ఇది యూరోపియన్ ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) లెక్క. నల్ల రేణువు తెల్ల బోర్డు ముందు, తెల్ల దారప్పోగు నల్ల బోర్డు ముందు కనిపిస్తాయి. కళ్లు తొందరగా అలసిపోతాయి, అందుకే తరచూ విరామం ఇవ్వాలని, కంటి పరీక్షలు చేయించాలని నియమాల్లోనే ఉంది. మేడమ్ చెప్పిన అరగంట సంగతి మా సెక్షన్‌లో అందరికీ అనుభవమే.

ఆటోమేటిక్ మెషిన్ అయితే వయల్‌ని గిర్రున తిప్పి టక్కున ఆపుతుంది. గాజు ఆగిపోతుంది, లోపలి మందు ఇంకా తిరుగుతుంటుంది. కెమెరా వరసగా ఫోటోలు తీస్తుంది. వాటిలో కదిలేది రేణువు, కదలనిది గాజు మీది గీత. చాలా తెలివైన పద్ధతి. కానీ గాలి బుడగ కూడా కదులుతుంది, దాంతో మంచి వయల్ రిజెక్ట్‌లో పడుతుంది.

మా దగ్గర మూడు దారులు పెట్టారు. మెషిన్ ఖచ్చితంగా మంచిదన్నవి ఒకవైపు, ఖచ్చితంగా చెడ్డవన్నవి ఒకవైపు, అనుమానం ఉన్నవి మూడో ట్రేలోకి. మూడో ట్రే మాత్రమే మా దగ్గరకు వస్తుంది. వేల కొద్దీ మంచి వయల్స్ వరసగా చూస్తుంటే కళ్లు మొద్దుబారిపోయేవి. ఇప్పుడు చేతికొచ్చిన ప్రతిదాంట్లో తేల్చాల్సింది ఏదో ఒకటి ఉంటుంది. పని కష్టమైంది, కానీ విసుగు పోయింది.

ఇంకొకటి. మెషిన్ పనికొస్తుందా అని తేల్చేదీ మనుషులతో పోల్చే. రకరకాల లోపాలున్న వయల్స్ సెట్ ఒకటి తయారుచేసి ముందు మనుషుల చేత చూపిస్తారు, తర్వాత మెషిన్‌లో పెడతారు. కనీసం మనుషులు పట్టినంతైనా మెషిన్ పట్టాలి. నాప్ పరీక్ష అంటారు. రెండో_షిఫ్ట్ గారూ, మీ రోబో గేజింగ్‌కి కూడా ఇలాంటి సెట్ పెట్టుకోండి. మీ సీనియర్ గారి చేతే తప్పు పీసులు ఏరించండి.

బాలానగర్_షెడ్డు
వయల్_ట్రే అమ్మా, ఆ చివరి ఐడియా తీసుకుంటున్నా. చెడ్డ పీసుల పెట్టె ఒకటి ఎలాగూ మూలన పడి ఉంటుంది.

ఫ్రీమాంట్_చూశా
2018 ఏప్రిల్‌లో టెస్లాలో ఆటోమేషన్ శృతి మించిందని, మనుషులను తక్కువ అంచనా వేశామని మస్కే ట్విట్టర్‌లో ఒప్పుకున్నాడు. మోడల్ 3 లైన్‌లో అంతకంటే పనికొచ్చే ముచ్చట ఇంకొకటుంది. బ్యాటరీ ప్యాక్ మీద గ్లాస్ ఫైబర్ మ్యాట్లు పరిచే పనిని రోబోకి ఇచ్చారు. మెత్తగా, వేలాడుతూ ఉండేదాన్ని పట్టుకోవడం రోబోకి నరకం. లైన్ అక్కడే ఆగిపోయేది. దాన్ని బాగుచేయడానికి నానా తంటాలు పడ్డాక అసలు ఆ మ్యాట్లు ఎందుకని అడిగారు. బ్యాటరీ వాళ్లు చప్పుడు తగ్గడానికి అన్నారు, చప్పుడు చూసేవాళ్లు మంటల భద్రత కోసం అన్నారు. తీసేసి చూస్తే తేడా ఏమీ లేదు.

మీ బర్ తీసే పనికి కూడా అదే ప్రశ్న వేయండి. బర్ ఎందుకొస్తోంది? ప్రోగ్రామ్ చివర చిన్న చాంఫర్ పాస్ (అంచుని వాలుగా చెక్కడం) వేస్తే ఎంత పోతుంది?

సెల్_ఇంటిగ్రేటర్
@ఫ్రీమాంట్_చూశా చాలావరకు పోతుంది. రెండు రంధ్రాలు కలిసే చోట లోపల వచ్చే బర్ మాత్రం పోదు. అది చేత్తోనే.

రింగ్_గేజ్
ప్రభుత్వ రంగ సంస్థ టూల్ రూమ్‌లో రిటైరయ్యాను. సీఐటీడీ (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ) 1968లో బాలానగర్‌లో పెట్టినప్పటి నుంచి ఈ ఊళ్లో టూల్ అండ్ డై పని నేర్చుకున్న తరాలను చూస్తున్నాను. ఐఈ_మేడమ్ చెప్పిన చిక్కుకి జపాన్‌లో ఒక జవాబు ఎప్పుడో దొరికింది. సకిచి టొయోడా 1924లో చేసిన ఆటోమేటిక్ మగ్గం, దారం తెగితే తనంతట తానే ఆగిపోతుంది. అది రాకముందు, తెగిన దారంతో మగ్గం నడిచి గుడ్డ పాడవకుండా పక్కన మనిషి నిలబడి చూడాల్సిందే. ఆగడం మగ్గానికి అప్పగించాక మనిషికి ఆ కాపలా తప్పింది, ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోగలిగారు. ఆగాక దారం ఎందుకు తెగిందో చూసి కలపడం మనిషి పని. నాయనా రెండో_షిఫ్ట్, మీ రోబో ఎంత బాగా నడుస్తుందని కాదు, ఎంత బాగా ఆగుతుందని వెండర్‌ని అడుగు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెలుగులో స్క్రీన్ మీద చూపించమను.

ఆలేరు_నూలు
మగ్గం మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి. పోచంపల్లి రకం చీరకు ముందు ఆసు పోయాలి, అంటే నూలుని మేకుల చుట్టూ లెక్క ప్రకారం తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. మా అమ్మ, మేనత్త ఆ పని చేసినవాళ్లే, రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేచేది కాదు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది.

ఆయన మొత్తం చీర నేసే యంత్రం చేయలేదు, చూడండి. భుజం అరిగే పని ఒక్కటే తీశారు. డిజైన్ లెక్క, కట్టు కట్టడం, రంగులు, నేత మా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఏది తీసేయాలో ఆయనకు ఎలా తెలిసిందంటే ఆ పని పక్కనే పెరిగాడు కాబట్టి. మీ వెండర్ జా_ప్లేట్ అన్న పక్కన ఒక షిఫ్ట్ నిలబడ్డాడా?

జా_ప్లేట్
ఆలేరు అన్నా, దండం.

సేఫ్టీ_ఆఫీసర్_టీఎస్
అందరూ పని సంగతే మాట్లాడుతున్నారు, నేను ప్రాణం సంగతి చెప్పాలి. "అలారం వస్తే అటెండ్ అవడం" అన్నదే ఆ ప్లాన్‌లో అన్నింటికంటే ప్రమాదకరమైన వాక్యం. అటెండ్ అవడమంటే లోపలికి వెళ్లడమే. 1979 జనవరిలో అమెరికాలో మిషిగన్‌లోని కాస్టింగ్ ప్లాంట్‌లో కార్మికుడొకరు రాక్‌లోంచి భాగాలు తేవడానికి ఎక్కినప్పుడు రోబో చెయ్యి తగిలి చనిపోయారు. రోబో వల్ల పోయిన మొదటి ప్రాణంగా దాన్ని చెప్తారు. అది కూడా మామూలుగా నడుస్తున్నప్పుడు కాదు, మనిషి లోపలికి పోవాల్సి వచ్చినప్పుడే.

కోబోట్ (మనిషి పక్కనే పనిచేసేలా చేసిన రోబో) కాబట్టి కంచె అక్కర్లేదని చెప్తే నమ్మకండి. ఒంట్లో ఏ భాగానికి ఎంత బలం తగిలితే ఎంతవరకు ఓర్చుకోవచ్చో 2016లో ఐఎస్ఓ టీఎస్ 15066 అనే అంతర్జాతీయ ప్రమాణ పత్రంలో పరిమితులు ఇచ్చారు. అవి రోబో చేతికే కాదు, అది పట్టుకున్న వస్తువుకీ వర్తిస్తాయి. పదునైన అంచులున్న 8 కిలోల కాస్టింగ్ మొహానికి తగిలితే రోబో ఎంత మెత్తనిదైతే ఏం లాభం? డోర్‌కి ఇంటర్‌లాక్ (తెరిస్తే రోబో ఆగిపోయే ఏర్పాటు), లోపలికి వెళ్లే మనిషి దగ్గరే తాళం. రాత్రిపూట ఒంటరిగా లోపలికి పంపకండి. షెడ్డు సార్, ఇది మీకు కూడా.

బాలానగర్_షెడ్డు
సరే సార్. ఒంటిగంటకు అలారం వస్తే ఆపేసి పొద్దున్నే చూసుకుంటా. ఒక రాత్రి ప్రొడక్షన్ పోయినా పర్వాలేదు.

పీఎఫ్_స్లిప్
ఇంతమంది రాశారు, జీతం ఊసే లేదు. నాలుగు మెషిన్లు, రోబో, గేజ్ అన్నీ ఒక్కరు చూస్తే ఆ మనిషి గ్రేడ్ ఏంటి? పని పెరిగినప్పుడు "టెక్నాలజీ వచ్చింది, నీకు తేలికైంది" అంటారు. మా దగ్గర అలాగే జరిగింది. పేరు సెల్ ఇన్‌చార్జ్, జీతం పాతదే. ఆ మనిషి మానేసి వెళ్లిపోయాడు, రోబో నెలల తరబడి సగం స్పీడ్‌లో నడిచింది. మిగతా ఆపరేటర్లను ఎక్కడ వేస్తారో కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ మనసు పెట్టి నేర్పరు.

బాలానగర్_షెడ్డు
గ్రేడ్ పెంచాలి, అందులో తేడా లేదు. మిగతావాళ్ల గురించి హామీ ఇవ్వడం చిన్న యూనిట్‌కి కష్టం. ఆర్డర్లు ఉంటే అందరికీ పని ఉంటుంది, లేకపోతే రోబోకి ఈఎంఐ కట్టడానికీ దిక్కుండదు.

పీఎఫ్_స్లిప్
ఈఎంఐ కష్టం మీకు ముందే కనిపిస్తుంది. వాళ్లకీ ఇంటి అద్దె అలాగే కనిపిస్తుంది సార్.

ఐటీఐ_ఫిట్టర్
టీ తెచ్చే రోబో ఉంటే చెప్పండి, మా షాప్‌లో అందరూ ఒకే మాట మీద ఓటేస్తారు.

రెండో_షిఫ్ట్
అందరివీ చదివాను. మా సీనియర్‌ని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను కూడా. ఆలేరు_నూలు గారి మాట పట్టుకుని వెండర్ ఇంజనీర్‌ని ఒక షిఫ్ట్ మెషిన్ పక్కన నిలబడమన్నాను, నిలబడ్డాడు. ఆయన లెక్కలో లోడింగ్ ఒక్క పనే. మా సీనియర్ చేతులు చూశాక దాన్ని ఏడు పనులుగా రాసుకున్నాడు.

ఇప్పటికి ఇలా అనుకున్నాం. మోయడం పూర్తిగా రోబోది. పీసు కూర్చుందో లేదో గాలి సెన్సర్ చూస్తుంది, దాన్ని కొటేషన్‌లో కలిపించాను. ప్రతి పీసునీ మెషిన్ కొలుస్తుంది, కొలతల గ్రాఫ్ ఆపరేటర్ ఎదురుగా పెద్ద స్క్రీన్ మీద ఉంటుంది. టూల్ కొద్దికొద్దిగా అరగడం వల్ల వచ్చే చిన్న తేడాని మెషినే దిద్దుకుని ఎంత దిద్దిందో చూపిస్తుంది. ఒక హద్దు దాటితే దిద్దదు, ఆగి పిలుస్తుంది. ఇన్సర్ట్ మార్చడం, కొత్త సెట్టింగ్, ఫస్ట్ పీస్ అప్రూవల్ ఆపరేటర్‌వి. అనుమానం ఉన్న పీసులకు వేరే ట్రే. లోపలి బర్ తీసే పని ఒక్కరి మీదే పడకుండా గంటగంటకూ మారుతుంది. నాలుగు మెషిన్లలో ఒకటి రోజూ కొంతసేపు చేత్తోనే నడుపుతామని సీనియర్ అడిగాడు, కొత్తవాళ్లు నేర్చుకోవడానికి. చిన్న బ్యాచ్‌లకు ఎలాగూ అదే నయం కాబట్టి ఓనర్ గారు ఒప్పుకున్నారు.

గ్రేడ్ పెంపు రాతపూర్వకంగా వచ్చింది. ఒక ఆపరేటర్‌ని ఇన్‌స్పెక్షన్‌కి మారుస్తామంటున్నారు, అదింకా తేలలేదు. తేలేదాకా అడుగుతూనే ఉంటాను.

జా_ప్లేట్
రోబోకి పాయింట్లు (చెయ్యి ఎక్కడెక్కడికి వెళ్లాలో) నేర్పేటప్పుడు పెండెంట్ (రోబోని నడిపే చేతి కంట్రోలర్) సీనియర్ చేతికివ్వండి సార్. తర్వాత జా మార్చినప్పుడల్లా వెండర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

సెల్_ఇంటిగ్రేటర్
జా_ప్లేట్ చెప్పింది పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి. ఆపరేటర్లకు ట్రైనింగ్, పాస్‌వర్డ్, ప్రోగ్రామ్ బ్యాకప్ మీ దగ్గరే ఉండాలని స్పష్టంగా ఉండాలి. మెషిన్ దిగాక అడిగితే ప్రతిదానికీ వేరే బిల్లు వేస్తారు.

రెండో_షిఫ్ట్
రాయించాను. పాస్‌వర్డ్ సంగతి మర్చిపోయాను, రేపు పొద్దున్నే కలిపిస్తాను.